డబ్బు లేని క్లబ్బు, మనుషులు లేని క్లబ్బు
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బరంపురంలో ముప్ఫై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి సభల్లో మాట్లాడటానికి మామూలుగా డాక్టర్లనో, ఇంజనీర్లనో, పెద్ద ఉద్యోగస్థులనో పిలుస్తారు. డ్రిల్లు మాస్టారిని పిలవడం అరుదు. పిలిచారు కాబట్టి నాకు తెలిసిన ఆటల గురించే మాట్లాడతాను. అందులోనూ మన వీధుల్లో ఎవరూ ఆడని ఆట, రగ్బీ గురించి. ఇంకా చెప్పాలంటే స్కాట్లాండులోని ఒక చిన్న ఊరి రగ్బీ క్లబ్బు గురించి.

ఉపకార వేతనాల సభలో ఈ గొడవ ఏమిటని మీకు అనిపించవచ్చు. మన ట్రస్టులాంటి ఏ సంఘానికైనా ఎప్పుడూ రెండు చింతలు ఉంటాయి. ఒకటి డబ్బు, రెండోది మనుషులు. ఈ రెండింటిలో ఏది లేకపోతే సంఘం మునుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఆ క్లబ్బు చరిత్రలో చాలా స్పష్టంగా దొరుకుతుంది. అందుకే ఎంచుకున్నాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రగ్బీ బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకొని పరుగెత్తవచ్చు. కానీ తోటి ఆటగాడికి అందించాలంటే పక్కకో వెనక్కో విసరాలి గాని ముందుకు విసరకూడదు. ఎదుటి జట్టు వాళ్లు మన కబడ్డీలో పట్టినట్టు పట్టి పడేయవచ్చు. ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే పాయింట్లు. దాన్ని 'ట్రై' అంటారు. అసలు ఆటలో జట్టుకు 15 మంది, సమయం 80 నిమిషాలు.

ఇక ఊరి సంగతి. స్కాట్లాండు దక్షిణాన, ఇంగ్లండు సరిహద్దుకు దగ్గరగా, ట్వీడ్ నది ఒడ్డున మెల్‌రోజ్ అనే ఊరు ఉంది. 1136లో కట్టడం మొదలైన పాత క్రైస్తవ మఠం శిథిలాలు అక్కడ ఉన్నాయి. ఊరి వెనక ఐల్డన్ కొండలు మూడు శిఖరాలతో కనబడతాయి. ఈనాటికీ ఊరి జనాభా రెండున్నర వేలకు అటూ ఇటూగా ఉంటుంది. మన వైపు ఒక మాదిరి పంచాయతీ అంత కూడా కాదు. మా అమ్మాయి ఎడిన్‌బరోలో చదువుకొంటున్న రోజుల్లో వెళ్లి ఆ ఊరు చూసి వచ్చాను. వాళ్ల ఆటస్థలం పేరు గ్రీన్‌యార్డ్స్. ఊరి నడిబొడ్డు నుంచి కాస్త నడిస్తే చేరిపోవచ్చు. ప్రపంచమంతా పేరున్న మైదానం కదా, కోటగోడల్లాంటి స్టేడియం ఉంటుందని ఊహించుకొన్నాను. చూస్తే పచ్చిక, ఒక స్టాండు, గోల్ స్తంభాలు, వెనక కొండలు. అంతే.

మెల్‌రోజ్ రగ్బీ క్లబ్బు 1877లో ఏర్పడింది. అంతకుముందు మెల్‌రోజ్ వాళ్లు పక్క ఊరైన గాలాషీల్స్ వాళ్లతో కలిసి ఆడేవారు. మాటా మాటా వచ్చి విడిపోయారు. విడిపోయేటప్పుడు మెల్‌రోజ్ కుర్రాళ్లు రాత్రికి రాత్రి గోల్ స్తంభాలు పీక్కొని తమ ఊరికి తెచ్చేసుకొన్నారని అక్కడ ఇప్పటికీ చెప్పుకొంటారు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు రోలూ రోకలీ దగ్గర పేచీ వచ్చినట్టే అనుకోండి. ఆ పోటీ నూటయాభై ఏళ్ల తరువాత కూడా చల్లారలేదు.

చిల్లిగవ్వ లేని రోజులు

క్లబ్బు పెట్టడం సులువే, నడపడం కష్టం. ఆరేళ్లు తిరిగేసరికి, అంటే 1883 నాటికి, మెల్‌రోజ్ క్లబ్బు చేతిలో డబ్బు లేదు. చిన్న ఊరు. చందా ఇవ్వగలిగేవాళ్లు కొద్దిమంది. ఏదో ఒకటి చేయకపోతే క్లబ్బు మూసేయాల్సిందే.

అప్పుడు దారి చూపినవాడు నెడ్ హేగ్. ఆయన జమీందారూ కాదు, చదువుకొన్న పెద్దమనిషీ కాదు. మాంసం కొట్టులో పనివాడు. అప్పటికి వయసు 24. ఇంకో విషయం. ఆయన పుట్టింది మెల్‌రోజ్‌లో కాదు. 1858లో జెడ్‌బరా అనే ఊళ్లో పుట్టి, పని వెతుక్కొంటూ మెల్‌రోజ్ వచ్చి స్థిరపడ్డాడు. రెండు ఊళ్ల మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. మన పూర్వీకులు వచ్చినంత దూరం కాదు. అయినా వలస వలసే. పొట్ట చేతపట్టుకొని వచ్చిన ఊరిని సొంత ఊరు అనుకొన్నాడు. ఆ ఊరి క్లబ్బు కష్టాన్ని తన కష్టం అనుకొన్నాడు.

క్లబ్బుకు డబ్బు కావాలి. ఒక క్రీడోత్సవం పెట్టి టిక్కెట్లు అమ్మితే కొంత వస్తుంది. పరుగు పందాలు, బంతిని తన్నే పోటీలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు రగ్బీ టోర్నమెంటు కూడా పెడితే జనం విరగబడి వస్తారని హేగ్ ఆలోచన. కాని లెక్క కుదరదు. పిల్లలూ, ఈ లెక్క మీరే వేయండి. ఎనిమిది జట్లు ఓడినవాళ్లు తప్పుకొనే పద్ధతిలో ఆడితే మొత్తం ఎన్ని ఆటలు? ఏడు. ఒక్కో ఆటకు ఇప్పటి లెక్కన 80 నిమిషాలు వేసుకొంటే తొమ్మిది గంటల పైమాటే. పైగా 15 మంది ఆడే ఆటలో ఒంటికి తగిలే దెబ్బలకు, ఒకే రోజు రెండు మూడు ఆటలు ఎవరూ ఆడలేరు. ఒక మధ్యాహ్నంలో పూర్తిచేయడం అసాధ్యం.

మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలంటారు మన పెద్దలు. హేగ్ అదే చేశాడు. జట్టుకు 15 మంది బదులు ఏడుగురే. ఆట 15 నిమిషాలే. మైదానం మాత్రం తగ్గించలేదు. ఆట నియమాలు మార్చలేదు. ఇప్పుడు ఏడు ఆటలకు ఎంతసేపు? గంటా నలభై ఐదు నిమిషాలు. విరామాలతో కలిపినా మధ్యాహ్నంలో ముగుస్తుంది. చిన్న ఊళ్ల క్లబ్బులు 15 మంది మంచి ఆటగాళ్లను పంపలేకపోయినా ఏడుగురిని పంపగలవు. ఆయన పనిచేసిన కొట్టు యజమాని డేవిడ్ శాండర్సన్ కూడా రగ్బీ ఆటగాడే. ఆయనా ఈ ఆలోచనకు అండగా నిలిచాడు. యజమానీ పనివాడూ ఒకే జట్టులో ఆడారు.

1883 ఏప్రిల్ 28న గ్రీన్‌యార్డ్స్‌లో ఆ టోర్నమెంటు జరిగింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జట్లు వచ్చాయి. జనం కోసం ప్రత్యేక రైళ్లు నడిచాయి. గెలిచిన జట్టుకు ఇవ్వడానికి ఊరి ఆడవాళ్లు ఒక వెండి కప్పు బహూకరించారు. దాని పేరే 'లేడీస్ కప్'. ఊరి క్లబ్బు నిలబడాలని ఇంటింటి ఆడవాళ్లు కూడా చెయ్యి వేశారన్నమాట.

చివరి ఆటలో ఎవరెవరు తలపడ్డారో ఊహించండి. మెల్‌రోజ్, గాలా! గోల్ స్తంభాల దగ్గర విడిపోయిన దాయాదులే. 15 నిమిషాలు అయిపోయినా ఎవరూ గెలవలేదు. అదనపు సమయం ఇచ్చారు. అందులో మెల్‌రోజ్ వాళ్లు ఒక ట్రై చేసి, గెలిచేశామంటూ మైదానం వదిలి వెళ్లిపోయారు. మిగిలిన సమయం కూడా ఆడాలని గాలా వాళ్లు గొడవపెట్టారు. కప్పు మెల్‌రోజ్‌కే దక్కింది. అదనపు సమయంలో మొదట పాయింట్లు సాధించినవాళ్లే విజేతలని ఇప్పటి సెవెన్స్ నియమం. కాబట్టి మెల్‌రోజ్ వాళ్లు నియమం పుట్టకముందే దాన్ని పాటించారని వాళ్ల తరఫున వాదించుకోవచ్చు. గాలాషీల్స్ వెళ్తే మాత్రం ఆ వాదన చేయకండి.

ఒక ఊరి ఉపాయం ప్రపంచానికి ఎలా చేరింది

ఇక్కడి నుంచి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఈ కిటుకు మాది, ఇంకెవరూ వాడకూడదని మెల్‌రోజ్ కూర్చోలేదు. మరుసటి ఏడాదే, 1884లో, గాలా వాళ్లు తమ ఊళ్లో ఏడుగురి ఆట పోటీ పెట్టారు. 1885లో హాయిక్ ఊరు మొదలుపెట్టింది. 1894లో హేగ్ పుట్టిన జెడ్‌బరాలోని క్లబ్బు పెట్టింది. ఒక్కో శనివారం ఒక్కో ఊరు అన్నట్టు వరస ఏర్పడింది. ఒకరి పోటీకి మిగిలినవాళ్లు జట్లు పంపేవారు. నీ ఊరి సంతకు నేను వస్తాను, నా ఊరి సంతకు నువ్వు రా అన్నట్టు. ఒక్క మెల్‌రోజ్ ఖజానా కోసం పుట్టిన ఉపాయం ఆ ప్రాంతంలోని క్లబ్బులన్నిటికీ ఆదాయమైంది.

తరువాత 1926లో ఇంగ్లండులో మిడిల్‌సెక్స్ సెవెన్స్ మొదలైంది. 1973లో స్కాట్లాండు రగ్బీ సంఘం శతజయంతికి ఎడిన్‌బరోలోని మరీఫీల్డ్ స్టేడియంలో దేశాల జట్లతో పోటీ జరిపారు. 1976లో హాంకాంగ్ పోటీలు వచ్చాయి. 1993లో ఏడుగురి రగ్బీకి మొదటి ప్రపంచ కప్ జరిగింది. అది కూడా మరీఫీల్డ్‌లోనే. ఆ ప్రపంచ కప్ పేరేమిటో తెలుసా? 'మెల్‌రోజ్ కప్'. రెండున్నర వేల మంది ఉండే ఊరి పేరు ప్రపంచ కప్‌కు పెట్టారు. 1998లో కౌలాలంపూర్‌లో కామన్‌వెల్త్ క్రీడల్లో చేర్చారు. 2010లో మన ఢిల్లీలో కామన్‌వెల్త్ క్రీడలు జరిగినప్పుడు కూడా ఆడారు. 2016లో రియో ఒలింపిక్స్‌లో స్థానం దొరికింది. పురుషులకూ స్త్రీలకూ ఒకేసారి.

రియోలో పురుషుల బంగారు పతకం ఎవరికి వచ్చింది? ఫిజీకి. ఫైనల్లో బ్రిటన్‌ను 43-7 తేడాతో ఓడించింది. ఏ క్రీడలోనైనా సరే, ఫిజీ చరిత్రలో అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం. ఫిజీ మొత్తం జనాభా పది లక్షల లోపు. మన విశాఖపట్నం జనాభాలో సగం కూడా ఉండదు. వాళ్ల పూర్వీకుల్లో మన తెలుగు జిల్లాల నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పెద్ద మైదానంలో మనుషులు తక్కువగా ఉంటే ఒంటి బరువు కన్నా వేగం, ఊపిరి, చురుకైన చెయ్యి ముఖ్యమవుతాయి. అందువల్ల పెద్ద దేశాలతో చిన్న దేశాలు సమానంగా నిలబడగలిగాయి. లేమిలో పుట్టిన ఆట లేనివాళ్లకే అక్కరకు వచ్చింది.

నెడ్ హేగ్ 1939లో చనిపోయాడు. ప్రపంచ కప్పూ చూడలేదు, ఒలింపిక్సూ చూడలేదు. 2008లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు తన కీర్తి మందిరంలో ఆయన పేరునూ మెల్‌రోజ్ క్లబ్బు పేరునూ జంటగా చేర్చింది. మనిషిని ఒక్కణ్నీ కాకుండా, సంస్థను ఒక్కదాన్నీ కాకుండా, ఇద్దరినీ కలిపి గౌరవించారు. అది నాకు చాలా నచ్చింది.

కలకత్తాలో జరిగిన కథ

ఇప్పుడు ఇంకో క్లబ్బు కథ చెబుతాను. ఇది మన దేశంలోనే జరిగింది. దీనికీ స్కాట్లాండు రగ్బీకీ విడదీయలేని బంధం ఉంది.

1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఆంగ్లేయులు ఒక జట్టుగా, స్కాట్లాండు, ఐర్లండు, వేల్స్ వాళ్లు ఇంకో జట్టుగా రగ్బీ ఆడారు. ఆ ఉత్సాహంలో 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టారు. తొలి ఏడాదే సభ్యుల సంఖ్య వంద దాటింది. వాళ్లకు డబ్బు కొరత లేదు. మొదట్లో సభ్యులకు మద్యం ఉచితంగా పోసేవారు. ఆ ఏర్పాటు ఆపేసరికి చాలామంది రావడం మానేశారు. ఆటగాళ్లున్న సైనిక దళం వేరే చోటికి బదిలీ అయింది. మిగిలినవాళ్ల మనసు పోలో, టెన్నిస్ వైపు మళ్లింది. ఐదేళ్లు తిరిగేసరికి ఆడటానికి మనుషులు లేరు. బ్యాంకులో మాత్రం డబ్బు అలాగే ఉంది.

1878లో క్లబ్బు మూసేశారు. క్లబ్బు బాధ్యతలు చూసిన రోత్నీ అనే ఆయన సూచన మేరకు బ్యాంకులోని సొమ్మును వెండి రూపాయలుగా తీసుకొన్నారు. 270 రూపాయలు. వాటిని కరిగించి ఒక కప్పు చేయించారు. మూడు నాగుపాములు దాని పిడులు, మూత మీద ఒక ఏనుగు. అచ్చమైన భారతీయ పనితనం. దాన్ని ఇంగ్లండు రగ్బీ యూనియన్‌కు బహూకరించారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లాండు ఆ 'కలకత్తా కప్' కోసమే తలపడుతున్నాయి. కలకత్తాలో రగ్బీ తరువాత మళ్లీ మొలకెత్తింది, ఈనాటికీ ఆడుతున్నారు. కాని ఆ మొదటి క్లబ్బు మాత్రం కరిగి కప్పుగా మారింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. కలకత్తా క్లబ్బుకు డబ్బుంది, మనుషులు లేరు. ఐదేళ్లలో ముగిసింది. మెల్‌రోజ్ క్లబ్బుకు మనుషులున్నారు, డబ్బు లేదు. నూటనలభై ఏళ్లు దాటినా నడుస్తోంది. నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇదే సమాధానం.

ఆట ఆడినవాళ్లు ఎవరు

మెల్‌రోజ్ అంటే ఏడుగురి ఆట ఒక్కటే అనుకోకండి. 15 మంది ఆటలోనూ వాళ్లు గట్టివాళ్లే. స్కాట్లాండులో క్లబ్బుల లీగ్ 1973లో మొదలైంది. మొదటి ఐదేళ్లూ హాయిక్ గెలిచింది. మెల్‌రోజ్‌కు తొలి టైటిల్ 1989-90లో వచ్చింది. ఇక ఆ తరువాత ఆగలేదు. 1989-90 నుంచి 1996-97 వరకు ఎనిమిది సీజన్లలో ఆరు సార్లు వాళ్లే ఛాంపియన్లు. ఎడిన్‌బరో, గ్లాస్గో లాంటి నగరాల క్లబ్బులను దాటి ఒక చిన్న ఊరు అలా గెలిచింది.

ఆ విజయాల వెనక ఉన్న శిక్షకుడు జిమ్ టెల్ఫర్ గురించి తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినాలి. ఆయన గొర్రెల కాపరి కొడుకు. చదువుకొని రసాయన శాస్త్రం ఉపాధ్యాయుడయ్యాడు. తరువాత హాయిక్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడు. అంటే పగలు ప్రత్యర్థి ఊరి పిల్లలకు పాఠాలు, సాయంత్రం మెల్‌రోజ్ ఆటగాళ్లకు శిక్షణ. ఆయన శిక్షణలో స్కాట్లాండు జట్టు 1984లో ఆ ఏడాది పోటీల్లో ఎదురైన జట్లన్నిటినీ ఓడించింది. దాన్ని గ్రాండ్ స్లామ్ అంటారు. స్కాట్లాండుకు అలాంటి గెలుపు 1925 తరువాత అదే. 1990లో మళ్లీ గ్రాండ్ స్లామ్ వచ్చినప్పుడు కూడా శిక్షకుల్లో ఆయన ఉన్నాడు. ఆ ఏడాది మార్చి 17న చివరి ఆటలో స్కాట్లాండు ఇంగ్లండును 13-7తో ఓడించింది. ఆ 13 పాయింట్లలో తొమ్మిది మెల్‌రోజ్ కుర్రాడు క్రెయిగ్ చామర్స్ కాలితో వచ్చాయి. ఆ గెలుపుతో దక్కిన వాటిలో మన వెండి రూపాయల కలకత్తా కప్ కూడా ఉంది.

చదువా, ఆటా అని మన ఇళ్లలో రోజూ జరిగే వాదన టెల్ఫర్ జీవితంలో లేనే లేదు. ఆయన రెండూ చేశాడు. రెండింటిలోనూ గురువయ్యాడు. మాస్టారి ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి నాకు ఆయనంటే కొంచెం పక్షపాతం ఉందనుకోండి.

ఇంకొకరి పేరు చెప్పాలి. డాడీ వియర్. ఆరున్నర అడుగుల మనిషి. మెల్‌రోజ్‌లో ఆడి, స్కాట్లాండు తరఫున 61 ఆటలు ఆడాడు. కండరాలను క్రమంగా చచ్చుబడేసే మోటార్ న్యూరాన్ వ్యాధి తనకు వచ్చిందని 2017లో అందరికీ చెప్పాడు. చెప్పి ఇంట్లో కూర్చోలేదు. ఆ ఏడాదే ఒక సంస్థ స్థాపించి ఆ వ్యాధి పరిశోధనకు, రోగుల సహాయానికి నిధులు పోగుచేశాడు. 2022 నవంబరులో కన్నుమూశాడు. ఆయన సంస్థ పని చేస్తూనే ఉంది. కొరత వచ్చినప్పుడు జనాన్ని కూడగట్టడం ఆ ప్రాంతం వాళ్లకు కొత్త కాదు.

నష్టం కూడా జరిగింది

అంతా పూలబాటే అని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టే. 1995 ఆగస్టు వరకు రగ్బీ యూనియన్ ఆటలో ఆడినందుకు డబ్బు తీసుకోకూడదని నియమం ఉండేది. అందుకే ఆటగాళ్లందరూ రైతులు, వడ్రంగులు, మాస్టర్లు. ఆ ఏడాది నియమం ఎత్తేశారు. ఆటగాళ్లకు జీతాలు వచ్చాయి, అది న్యాయమే. కాని మంచి ఆటగాళ్లను పెద్ద జట్లు తీసుకుపోసాగాయి. సరిహద్దు ప్రాంతం పేరుతో పెట్టిన వృత్తి జట్టు నిలదొక్కుకోలేక 2007లో మూతపడింది. స్కాట్లాండుకు ఎడిన్‌బరో, గ్లాస్గో రెండే మిగిలాయి. 2019లో ఆరు జట్లతో సగం వృత్తి స్థాయి పోటీ ఒకటి పెడితే మెల్‌రోజ్ అందులోనూ చేరింది. ఆ పోటీ కూడా 2024లో ఆగిపోయింది. 1883లో ప్రత్యేక రైళ్లు వచ్చిన ఆ రైలు మార్గాన్ని సైతం 1969లో ఎత్తేశారు. 2015లో ఎడిన్‌బరో నుంచి పక్కనున్న ట్వీడ్‌బ్యాంక్ వరకు మాత్రం మళ్లీ వేశారు. నేను ఆ రైల్లోనే వెళ్లాను.

మనవాళ్లకు ఈ బాధ తెలియనిది కాదు. మంచి మార్కులు వచ్చిన పిల్లలు పెద్ద ఊళ్లకు వెళ్లిపోతారు. వెళ్లాలి కూడా. వెళ్లవద్దని నేను అనను. అయితే కోవిడ్ వల్ల 2020, 2021లలో ఆగిన మెల్‌రోజ్ పోటీలు 2022 ఏప్రిల్‌లో మళ్లీ మొదలయ్యాయి. ఎందుకు మొదలుకాగలిగాయి? గీతలు గీసేవాళ్లు, టిక్కెట్లు చింపేవాళ్లు, టీ కాచేవాళ్లు ఊళ్లో ఉన్నారు కాబట్టి.

మన సంగతి

మనం ఉన్న రాష్ట్రాల్లోనూ ఈ ఆట మొలకెత్తింది. భువనేశ్వర్‌లోని కిస్ సంస్థలో చదువుకొనే ఆదివాసీ బాలురు 2007లో లండన్ వెళ్లి 14 ఏళ్ల లోపు పాఠశాలల అంతర్జాతీయ పోటీలో గెలిచి వచ్చారు. 2019లో భారత మహిళల జట్టు 15 మంది ఆటలో తన మొట్టమొదటి అంతర్జాతీయ విజయం సాధించింది. మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించింది. చివరి నిమిషాల్లో గెలుపు పాయింట్లు తెచ్చిన సుమిత్రా నాయక్ కూడా కిస్ విద్యార్థినే. 2025 జూన్‌లో ముంబయిలో తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి, ఢిల్లీ, కళింగ పేర్లతో ఆరు జట్లు. ఆడింది హేగ్ గారి ఏడుగురి ఆటే. చెన్నై గెలిచింది. అమ్మా, అయ్యా, ఆడపిల్లకు ఆటలెందుకు అనే ముందు సుమిత్రను ఒక్కసారి తలుచుకోండి. రోజుకు ఒక గంట మైదానంలో గడిపితే మార్కులు తగ్గవు. ముప్ఫై ఒక్క ఏళ్లు చూసి చెబుతున్న మాట.

ఇక చివరి మాట, కొంచెం చేదుగా ఉంటుంది. మన ట్రస్టు లెక్కలు కార్యదర్శి గారు ఇందాక చదివారు. డిపాజిట్లు బాగున్నాయి. మొదట్లో ఇంటింటికీ తిరిగి ఐదూ పదీ చందాలు పోగుచేసిన పెద్దల పుణ్యం అది. కాని సర్వసభ్య సమావేశానికి వచ్చేవారు ఏటేటా తగ్గుతున్నారని కూడా ఆయనే చెప్పారు. ఈ వేదిక మీద ఉన్నవాళ్లలో యాభై ఏళ్ల లోపువారు ఒక్కరే. అంటే ఇప్పుడు మనం మెల్‌రోజ్‌లా ఉన్నామా, కలకత్తాలా ఉన్నామా? బ్యాంకులో సొమ్ము ఉండి మనుషులు రాకపోతే చివరికి మనమూ ఒక కప్పు చేయించుకొని ఎవరికో ఇచ్చేయాల్సి వస్తుంది.

కాబట్టి పిల్లలూ, ఈ రోజు మీరు అందుకొంటున్న సొమ్మును తిరిగి ఇమ్మని ట్రస్టు అడగదు. నేను మాత్రం మీ నుంచి మూడు పనులు అడుగుతాను. ఏ ఊళ్లో చదివినా, ఏ దేశంలో ఉద్యోగం చేసినా, ఏడాదికి ఒక్కసారి ఈ సభకు రండి. రాలేనివారు మీ కింది తరగతి పిల్లవాడొకడికి ఒక పాఠ్యాంశం చెప్పే బాధ్యత తీసుకోండి, ఫోనులోనైనా సరే. మూడోది, సంఘానికి కష్టం వచ్చినప్పుడు ఉన్నదాంట్లో ఏం చేయగలమో ఆలోచించి ముందుకు రండి. మేం చిన్నవాళ్లం, మాకేం తెలుసు అనకండి. క్లబ్బును నిలబెట్టిన హేగ్ వయసు 24. ఆయన దగ్గర డబ్బూ లేదు, హోదా లేదు, ఆ ఊరు సొంత ఊరు కూడా కాదు.

పెద్దలకు ఒక్క విన్నపం. కుర్రాళ్లు కొత్త పద్ధతి చెబితే, 'పదిహేను మంది ఆటను ఏడుగురు ఆడటమేమిటి' అని కొట్టిపారేయకండి. వచ్చే ఏడాది కార్యవర్గంలో కనీసం ఇద్దరు పూర్వ విద్యార్థులకు చోటు ఇవ్వండి. ఒకరు అమ్మాయి అయితే మరీ సంతోషం.